లక్క ప్లేటుకు తళుకు గీటురాయి కాదు

అటక మీద పాత గ్రామఫోను ప్లేట్లుంటే లక్షలున్నట్టేనని చెప్పే వీడియో ఏదో ఒకటి ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అది చూసి తాతల నాటి ట్రంకుపెట్టె తెరుస్తారు. కుక్క బొమ్మ ప్లేటు ఒకటి బయటపడుతుంది. కండువాతో తుడిచి, ఫోటో తీసి, ఎంతొస్తుందని అడుగుతారు. కొనేవాళ్ల తీరూ ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. ఏ ఏటిదని ఒక ప్రశ్న, ఎలా మెరుస్తోందని మరో ప్రశ్న, అంతటితో బేరం మొదలు. పాతదైతే విలువైనది, మెరిస్తే బాగున్నట్టు అనే రెండు నమ్మకాల మీదే ఈ వ్యాపారం సగానికి పైగా నడుస్తోంది. రెండూ తప్పే. చెవితో తేల్చాల్సిన సరుకును కంటితో తేల్చేయడమే ఆ రెంటికీ మూలం.

ముందు వయసు సంగతి చూడాలి. ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో 1902లో మిలాన్‌లో మొదలుపెట్టి 1920 దాకా ప్లేట్లకు పాడుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లో అంత విరివిగా అమ్ముడుపోయిన గాయకులు అరుదు. అందుకే నూరేళ్లు దాటిన కరూసో ప్లేట్లు చాలావరకు అమెరికాలో ఇప్పటికీ కొద్దిపాటి డాలర్లకే దొరుకుతాయి. దానికి చాలా ఏళ్ల తరవాత, 1930లో, విస్కాన్సిన్‌కు చెందిన పారామౌంట్ కంపెనీ మిసిసిపీ బ్లూస్ గాయకుడు టామీ జాన్సన్ ప్లేటొకటి విడుదల చేసింది. ఆర్థిక మాంద్యం రోజులు, కొన్నవాళ్లు బహు తక్కువ. 2013లో ఆ ప్లేటు ప్రతి ఒకటి వేలానికి వచ్చేనాటికి లోకంలో ఉన్నట్టు తెలిసినవి రెండే. పలికిన ధర 37,100 డాలర్లు. వయసే విలువైతే కరూసో ముందు జాన్సన్ నిలవకూడదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఇంగ్లండులో 78 వేగపు ప్లేట్ల తయారీ 1960 నాటికల్లా దాదాపుగా ఆగిపోయింది. ఇక్కడ మాత్రం కరెంటు లేని ఊళ్లూ, కీ ఇచ్చి తిప్పే పెట్టెలూ లెక్కలేనన్ని ఉండటంతో కలకత్తా దగ్గర గ్రామఫోన్ కంపెనీ డమ్ డమ్ కర్మాగారం ఆ దశాబ్దంలోనూ లక్క ప్లేట్లు నొక్కుతూనే పోయింది. అలా 1960ల నడుమ బీటిల్స్ పాటలు పార్లోఫోన్ ముద్రతో ఇండియాలో 78 ప్లేట్లుగా వచ్చాయి. విదేశీ అభిమానులు ఎగబడి కొనేది వీటినే. లక్క ప్లేట్ల చరిత్రలో ఇవి చిట్టచివరి తరం సరుకు. వయసును బట్టి లెక్కగడితే బుట్టలో అడుగున పడాల్సినవి.

వయసు పక్షాన వాదించేవాళ్లు వెంటనే గౌహర్ జాన్ పేరెత్తుతారు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి ఆమె చేత పాడించాడు. మైనపు మూసలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లాయి, అక్కడ నొక్కిన ప్లేట్లు ఓడెక్కి ఇక్కడికొచ్చాయి. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పుకోవడం అందరికీ తెలిసిన ముచ్చటే. ఆ తొలి విడత ప్లేట్లు నిజంగానే అపురూపం, కాదనలేం. అయితే ఆమె పాడినవి సుమారు 600 రికార్డులంటారు. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చాక సరఫరా ఊపందుకుంది, గిరాకీ ఉన్న పాటలను మళ్లీ మళ్లీ నొక్కారు. అదే పాట, అదే గొంతు, ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన అదే మాట్రిక్స్ నంబరు, కానీ నొక్కిన కాలం వేరు. లేబుల్ రంగూ, వెనకవైపు ఖాళీగా ఉందా పాట ఉందా అన్న సంగతీ, లోపలి అంచున చెక్కిన అంకెలూ చూడకుండా ‘గౌహర్ జాన్, 1902’ అని చీటీ అంటించడం అజ్ఞానమైనా కావాలి, మోసమైనా కావాలి.

అసలు అరుదుదనం ఎక్కడినుంచి వస్తుంది? అప్పట్లో ఎన్ని అమ్ముడుపోయాయి, ఇప్పుడు ఎన్ని మిగిలాయి, ఉన్నవాటికోసం ఎందరు పోటీపడుతున్నారు అన్న మూడు లెక్కలనుంచి. తెలుగు ప్లేట్లనే తీసుకుంటే కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో హెచ్‌ఎంవీ ప్లేటుగా వచ్చి ఇంటింటికీ చేరింది. గ్రామఫోను ఉన్న ఇంట్లో అది లేకపోతే వెలితి. కాబట్టి ఆ ప్లేటు దొరకడం వింత కాదు, చెడకుండా దొరకడం వింత. అంతగా ఇష్టపడ్డ ఇంట్లో దాన్ని ముల్లు కిందికి పంపని రోజుండదు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాల ప్లేట్లదీ, నాటకాల సెట్లదీ ఇదే గతి. సెట్టులో ఐదారు ప్లేట్లుంటే కథ నడిపే మాటల ప్లేట్లు కొత్తగా ఉంటాయి, పేరుమోసిన పద్యమున్న ప్లేటు మాత్రం బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’ కొట్టిన జనమే ఇంట్లో ముల్లు ఎత్తి మళ్లీ అదే రాగాలాపన మీద దింపేవారు. సెట్టు మొత్తానికీ ఒకే గ్రేడు రాసి అమ్మేవాడు కొనేవాడికి కావలసిన సంగతి ఒక్కటీ చెప్పనట్టే.

ఇక రెండో నమ్మకం, మెరుపు. వయసు భ్రమకన్నా ఇది ప్రమాదం. వయసును నమ్మి మోసపోయేవాళ్లు కొత్తవాళ్లు, మెరుపును నమ్మి మోసపోయేవాళ్లలో ఏళ్ల తరబడి కొంటున్నవాళ్లూ ఉన్నారు.

లక్క ప్లేటులో లక్క చాలావరకు మూడో వంతుకు మించదు. ఛోటానాగపూర్ అడవుల్లో కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కను కరిగించి, దానికి పలకరాతి పొడో సున్నపురాతి పొడో, కాస్త దూదిపీచు, నలుపుకోసం మసి కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే ప్లేటవుతుంది. ఆ రాతిపొడి ఊరికే బరువుకోసం వేసింది కాదు. ఉక్కు ముల్లు మొన గాడికి సరిపోయేలా మొదటి చుట్లలోనే అరగాలి, అరగదీసే పని ఆ పొడిదే. అంటే ప్లేటు ముల్లును తింటుంది. అందుకే ఒక పక్క వాయించాక ముల్లు మార్చాలని కంపెనీలు పదేపదే చెప్పేవి, ముళ్లను డబ్బాలకు డబ్బాలు అమ్మేవి. పది అంగుళాల ప్లేటు మీద మూడు నిమిషాల పాటకు ముల్లు వంద మీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది, నెత్తిన వంద గ్రాములు దాటిన సౌండ్ బాక్సు మోస్తూ. పాట ముగిసేసరికి మొన గుండ్రదనం పోయి ఉలి అంచులా తయారవుతుంది. పొదుపుకోసం అదే ముల్లుతో ఇంకో నాలుగు పాటలు వాయించిన ఇంట్లో ఆ అంచు గాడి గోడలను చెక్కుకుంటూ పోయింది.

ఈ చెక్కుడు ఎక్కడ ఎక్కువ? గొంతు హెచ్చిన చోట, హార్మోనియం నిండుగా మోగిన చోట, మరీ ముఖ్యంగా లేబుల్‌కు దగ్గరి చుట్లలో. ప్లేటు నిమిషానికి 78 సార్లే తిరిగినా లోపలికి పోయేకొద్దీ చుట్టు కొలత తగ్గుతుంది, ముల్లు కింద గాడి కదిలే వేగం బయటి అంచున ఉన్నదాంట్లో సగానికన్నా కిందికి దిగుతుంది. అవే స్వరాలు ఇరుకు జాగాలో కుక్కుకుంటాయి. అప్పటికే అరిగిన ముల్లు అక్కడికి చేరుతుంది. బయటి మూడు వంతులు నిగనిగలాడుతూ, లోపలి పావు వంతు కీచుమనే ప్లేట్లు కోకొల్లలు. ఫోటోలో నిగనిగే కనిపిస్తుంది.

పైగా మెరుపును పుట్టించడం చిటికెలో పని. బూడిద రంగుకు తిరిగిన ప్లేటు మీద చుక్క నూనో, బూటు పాలిషో రుద్ది తుడిస్తే గంటసేపు కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. తెల్లటి మెత్తని గుడ్డతో రుద్దితే జిడ్డు అంటుకుని ఆ గుట్టు బయటపడుతుంది, కానీ బజార్లో ఆ పని చేసే కొనుగోలుదారు ఎంతమంది? ఇంకోపక్క, యాభై ఏళ్ల దుమ్మూ కోస్తా తేమకు పట్టిన బూజూ కప్పేసిన ప్లేటును వీళ్లే పక్కకు తోసేస్తారు. లేబుల్ తడవకుండా, కాస్త మెత్తటి సబ్బు నీళ్లతో గాడి వెంట కడిగితే అందులోంచి గొంతు నిండుగా పలకొచ్చు. కడగాలన్న ఆత్రంలో కొందరు స్పిరిట్ పోస్తారు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, దుమ్ముతోపాటు పాటా పోతుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత మెరిసే ప్లేటుకు సరిపోతుంది సరే, దానికి తిరగేసిన సంగతి కూడా ఈ బజార్లో అంతే నిజం.

కంటికి ఎంత సాధన ఉన్నా చిక్కని లోపాలు ఇంకా ఉన్నాయి. పారామౌంట్ వాళ్లు చవక మిశ్రమం వాడేవారు, వాళ్ల ప్లేటు పెట్టె విప్పిన రోజునే గరగరలాడేది. దాన్నెవరూ వాయించకపోయినా, అద్దంలా ఉన్నా, ఆ గరగర పోదు. అచ్చు అరిగిపోయాక కూడా దాంతోనే నొక్కిన ప్లేటుకు పుట్టుకతోనే స్పష్టత తక్కువ. ఇంగ్లండులో నొక్కిన హెచ్‌ఎంవీ ప్లేట్ల మీద ఏ ప్లేటు ఎన్నో అచ్చునుంచి వచ్చిందో అంకెలకు బదులు అక్షరాలతో గుర్తుపెట్టేవారు. జీ అంటే ఒకటి, ఆర్ అంటే రెండు, అలా పది అక్షరాల సంకేతం. అచ్చు మారితే ప్లేటు మారుతుందని తయారుచేసినవాళ్లకు అప్పుడే తెలుసన్నమాట. నడిమి చిల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, తిరుగుతుంటే శ్రుతి ఊగుతుంది, సాగదీసిన స్వరం వణుకుతుంది. బల్ల మీద నిశ్చలంగా ఉన్న ప్లేటును గంటసేపు చూసినా ఇది కనిపించదు.

ఇంత ఉండగా గ్రేడు రాయడానికి వాడే కొలబద్దలు ఏం చెబుతున్నాయి? ఆన్‌లైన్‌లో లక్క ప్లేట్లమ్మే మనవాళ్లలో చాలామంది అమెరికా పత్రిక ‘గోల్డ్‌మైన్’ పద్ధతిని ఎత్తుకొచ్చి మింట్, నియర్ మింట్, వెరీగుడ్ ప్లస్ అని రాసేస్తారు. అది ప్రధానంగా వినైల్ ఎల్పీల కోసం, 45ల కోసం రూపొందిన పద్ధతి. ముల్లు చెక్కుడు అన్న సమస్యే అంతగా లేని సరుకుకోసం చేసిన కొలతను వంద గ్రాముల బరువు మోసిన ప్లేటుకు తగిలించడం ఏం న్యాయం? 78 ప్లేట్లవాళ్లకు వేరే పద్ధతి ఉంది. బ్రిటన్‌లో 1953లో మొదలైన ‘వింటేజ్ జాజ్ మార్ట్’ పత్రిక పేరుతో నడిచే ఆ పద్ధతిలో ఎన్, ఈ, వీ, జీ, ఎఫ్, పీ అని మెట్లుంటాయి. అంచు చిట్లితే, సన్నని పగులుంటే, లేబుల్ మీద సంతకమో స్టిక్కరో ఉంటే విడివిడిగా రాయాలి, ఆ పగులు వల్ల పాటకు అడ్డుందో లేదో కూడా చెప్పాలి. ఇది ఎన్నో రెట్లు మేలు. దీంట్లో కూడా పైమెట్టుకు చేరేసరికి మళ్లీ కన్నే పెత్తనం చేస్తుంది. ‘ఈ’ గ్రేడు వివరణ తళతళతో, కంటికి కనబడని అరుగుదలతో మొదలవుతుంది. వినిపించే రొద సంగతి నేరుగా ఎత్తేది ‘వీ’ దగ్గరే. ఎక్కువ డబ్బు చేతులు మారేది పైమెట్ల దగ్గర కాబట్టి చెవి సాక్ష్యం ముందు అక్కడే ఉండాలి. రెండు పద్ధతుల్లోనూ ‘గుడ్’ అన్నది అడుగు మెట్లకు చేరువ అనీ, మంచిదనుకుని కొంటే దెబ్బతింటారనీ కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు.

సరే, వినే గ్రేడు రాయాలి. దేనితో విని? ఇక్కడే ఈ రంగంలోని అసలు మెలిక ఉంది. 78 ప్లేటు గాడికి అంగుళంలో వెయ్యో వంతు లెక్కన సుమారు 3 వంతుల మొన కావాలి. ఎల్పీ ముల్లు మొన ఒక వంతు, లేదా అంతకన్నా తక్కువ. ఎల్పీ ముల్లుతో లక్క ప్లేటు పెడితే అది గాడి అడుగున చెత్తలో దొర్లుతుంది, రొద తప్ప మరేం వినపడదు, పాపం ప్లేటుకు తగులుతుంది. ముల్లు సరైనదైనా ఒకటే సరిపోదు. పాత ఉక్కు ముల్లు గోడలో ఏ ఎత్తున చెక్కిందో, అంతకు కాస్త పైనో కాస్త కిందో ఒరిగే మొన పెడితే, తాకని గోడ దొరికి పాట శుభ్రంగా వస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ ‘గ్రేట్ 78 ప్రాజెక్టు’కోసం ప్లేట్లను డిజిటల్‌లోకి మార్చినప్పుడు నాలుగు చేతులున్న టర్న్‌టేబుల్ మీద నాలుగు కొలతల ముళ్లతో ఒకేసారి వాయించి, నాలుగు రికార్డింగులూ దాచిపెట్టింది. ఒకే ప్లేటుకు నాలుగు వినికిళ్లు! ఒక మొనకు ‘జీ’ అయిన ప్లేటు ఇంకో మొనకు ‘వీ’ కావచ్చు. కాబట్టి గ్రేడు పక్కన ముల్లు కొలత రాయని జాబితా సగం జాబితానే.

చెవి కూడా పొరబడుతుందని ఎదురువాదం రావచ్చు. అందులో నిజముంది. 1925లో అమెరికాలో మైక్రోఫోనుతో రికార్డింగు మొదలయ్యేదాకా గాయకులు కొమ్ములోకే పాడేవారు, ఆ ప్లేట్లకు మంద్రమూ తారమూ రెండూ సన్నగిల్లి ఉంటాయి. అది అరుగుదల కాదు, ఆ కాలపు పనితనం. తొలి ప్లేట్లన్నీ సరిగ్గా 78 వేగంలోనే రికార్డు కాలేదు కూడా, వేగం తప్పితే గొంతు సన్నబడి ప్లేటు పాడైందనిపిస్తుంది. పాథే కంపెనీవాళ్ల పాత ప్లేట్లయితే గాడి కిందికీ పైకీ అలలా కోసి ఉంటుంది, లోపలినుంచి బయటికి నడుస్తుంది, మామూలు పెట్టె మీద పెడితే పలకవు. వీటన్నిటికీ తెలిసిన చెవి కావాలి. అయితే చెవికి చదువు కావాలన్న వాదన చెవిని వదిలేసి కంటిని నమ్మమన్న వాదన అయిపోదు. కన్ను ఏం చూస్తే ఏం అర్థమవుతుందో నేర్పడానికి వెచ్చించే కాలాన్ని కొంత చెవికీ పెట్టాలంతే.

అమ్మేవాళ్ల వాదన ఇంకా సూటిగా ఉంటుంది. గురువారం హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో నేలమీద పరిచిన పట్టా పక్కన గ్రామఫోను ఎక్కడినుంచి తెచ్చేది? రెండు వందల ప్లేట్ల గుట్ట కొన్నవాడు ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున రెండు పక్కలూ వింటే రోజులు గడిచిపోవూ? నిజమే, గుట్టమ్మేవాడిని వినమని ఎవరూ అడగరు. గుట్ట ధరకు అమ్మితే చాలు. గొడవంతా వినకుండానే ‘నియర్ మింట్’ అని రాసి ఆ ధర గుంజేవాడితో. వినే తీరిక లేకపోతే గ్రేడు ధర కోరే హక్కూ లేదు. పైగా పక్క మొత్తం వినక్కర్లేదు. మొదట అర నిమిషం, పాటలో గొంతు హెచ్చే చోటు, లేబుల్ ఒరన చివరి అర నిమిషం వింటే ప్లేటు గుట్టు తెలిసిపోతుంది. పెట్టె లేని బజార్లో కూడా ప్లేటును ట్యూబ్‌లైటు కింద కాకుండా ఒకే బల్బు వెలుగుకు ఏటవాలుగా తిప్పి, బూడిద చారలు లోపలి చుట్ల దగ్గర ఉన్నాయా అని చూడటం, గట్టి వెలుతురుకు ఎత్తిపట్టి పగులు వెతకడం రెండు నిమిషాల పని. అలా చూసి రాసేది గ్రేడు కాదు, అంచనా. అంచనా అని రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

మరో వాదన సేకరించేవాళ్లనుంచి వస్తుంది. ఒక్కటే ప్రతి మిగిలిన ప్లేటయితే అది గరగరలాడినా అమూల్యమే కదా, అలాంటప్పుడు వినికిడి గ్రేడుతో పనేంటి అని. ప్రింట్లు పోయిన తొలి టాకీల పాటలు చాలావరకు ప్లేట్ల మీదే మిగిలాయి, అవి పగిలినా కొనాల్సిందే. అయితే ఇక్కడ కలిపేస్తున్నది రెండు వేర్వేరు లెక్కలను. అరుదుదనానికి ఎంత ఇస్తున్నారో, స్థితికి ఎంత ఇస్తున్నారో విడదీసి చెప్పినప్పుడే రెండో ప్రతి బయటపడితే ఏది మేలో తేలుతుంది. డిజిటల్‌లోకి మార్చేవాడికి ఒకే పాటకు మూడు ప్రతులు దొరికితే, వాటిలో దేని లోపలి చుట్లు బాగున్నాయో తెలియడమే అసలు వరం. తళుకు గ్రేడు ఆ సాయం చేయదు.

కాబట్టి జాబితాలో ఒక ప్లేటు పక్కన రాయాల్సింది ఈ తీరున ఉండాలి: కంపెనీ, లేబుల్ నంబరు, రెండు పక్కల మాట్రిక్స్ నంబర్లు, చూపు గ్రేడు ఒకటి, వినికిడి గ్రేడు ఒకటి, పక్కపక్కకూ విడిగా, ఏ కొలత ముల్లుతో విన్నారో, చివరి అర నిమిషం ఎలా ఉందో, శ్రుతి ఊగుతోందా, పగులుంటే ముల్లు ఎన్ని చుట్లు టకటకమంటుందో, కడిగారా, దేనితో కడిగారు. వినకపోతే ‘ఆడించలేదు’ అన్న ఒక్క మాట. ఇదంతా రాయడానికి పట్టేది మూడు నాలుగు పంక్తులు, ఒక ఫోటో ఎక్కించేంత శ్రమ కూడా కాదు. ఈ పంక్తులు లేనప్పుడు ఫోటోలో ఎంత తళతళలాడినా ‘వీ’ ప్లేటు ధరకు మించి ఇవ్వనక్కర్లేదు. ఇస్తే, ఇంటికి తెచ్చి వాయించి చూశాక వారం లోపల తిప్పి పంపే షరతు ముందే రాయించుకోవాలి. ఈ షరతుకు ఒప్పుకోని అమ్మకందారు తన గ్రేడును తానే నమ్మడం లేదన్నమాట.